చలిలో పసిపిల్లలకు పొరలుగా బట్టలు వేయడం: లోపలి బనియన్ నుంచి పై కోటు వరకు

రెండేళ్ల పాపను చలిలో ఆడించడానికి బయటికి తీసుకువెళ్లేటప్పుడు నూలు బనియన్, దాని మీద మందపాటి స్వెటర్, ఆపైన పాలిస్టర్ దూది నింపిన లావుపాటి కోటు వేస్తున్నామని, అయినా కాసేపటికే ఆమె చేతులు చల్లబడిపోతున్నాయని, ఇంటికి వచ్చి కోటు విప్పితే మాత్రం బనియన్ వీపు దగ్గర తడిసి ఉంటోందని మీరు రాశారు. ఇంకొక స్వెటర్ జోడించాలా అన్నది మీ ప్రశ్న. జోడించవద్దని నా సలహా. మీ పాపకు బట్టలు తక్కువ కాలేదు. ఒంటికి ఆనుకొని ఉన్న బట్ట చెమటను పీల్చుకొని తడిగానే ఉండిపోతోంది. పైనున్న రెండూ ఆట మధ్యలో తీయడానికో, తెరవడానికో వీలుగా లేవు. ఈ రెండూ సరిచేస్తే ఇప్పుడు మోస్తున్నంత బరువు కూడా ఆమె మోయనక్కరలేదు. నడక నేర్చిన వయసు పిల్లలను అన్ని కాలాల్లోనూ ఆరుబయట ఆడించడం నా వృత్తి కాబట్టి, తల్లిదండ్రులు ఎంతో శ్రద్ధగా చేస్తూ కూడా తడబడే చోట్లను వివరంగా చెబుతాను.

ముందుగా చేతుల సంగతి. చలి సోకగానే శరీరం గుండె, ఊపిరితిత్తులు, మెదడు ఉన్న భాగాల వేడిని కాపాడుకోవడానికి చేతులు, పాదాల చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అందువల్ల ఒళ్లంతా హాయిగా వెచ్చగా ఉన్న పిల్లలకు కూడా అరచేతులు చల్లగా తగలవచ్చు. చేతులు పట్టుకొని చూసి చలి వేస్తోందని స్వెటర్ మీద స్వెటర్ తొడిగితే వీపు చెమటలు పడుతుందే తప్ప చేతులు వెచ్చబడవు. పిల్లల ఒంటి వెచ్చదనం తెలుసుకోవడానికి మెడ వెనుక భాగాన్ని తాకి చూడాలి. మీ చేతిని ముందు మీ చంకలోనో, జేబులోనో కాసేపు ఉంచి వెచ్చబరచుకొని, రెండు వేళ్లను కాలరు లోపలి నుంచి రెండు భుజాల మధ్యకు పోనివ్వండి. అక్కడ వెచ్చగా, పొడిగా ఉంటే బట్టలు సరిపోయాయి. వెచ్చగా ఉండి వేళ్లకు చెమ్మ తగిలితే వెంటనే ఒక పొర తీయాలి, కనీసం జిప్పు దించాలి. చల్లగా, పొడిగా ఉంటే ఒక పొర చేర్చాలి. చల్లగానూ, చెమ్మగానూ ఉంటే మాత్రం పైన ఏమి కప్పినా ప్రయోజనం లేదు. లోపలికి తీసుకువెళ్లి ఒంటిని ఆనుకొని ఉన్న బట్ట మార్చాలి. మీ చేయి చల్లగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే ఏ పిల్లల మెడ అయినా వేడిగానే అనిపిస్తుంది, అందుకే చేతిని ముందు వెచ్చబరచుకోమన్నాను.

పసిపిల్లలు పెద్దవారికన్నా త్వరగా చల్లబడతారన్న మాట నిజమే. వారి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, పైగా చర్మం కింద కొవ్వు, కండరాలు తక్కువ. పుట్టినప్పుడు శరీర ఉపరితలంలో తల ఒక్కటే దాదాపు 19 శాతం, ఏడాది వయసులో దాదాపు 17 శాతం ఉంటుంది. ఎదిగిన మనిషిలో అది 7 శాతానికి దగ్గరగా ఉంటుంది. పెద్దవారికి టోపీ ఒక సౌకర్యమైతే, రెండేళ్ల పిల్లలకు అది తప్పనిసరి అని చెప్పడానికి ఈ లెక్క చాలు. అయితే ఇదే పిల్లలు పరుగెత్తుతున్నప్పుడు పుట్టే వేడి, కూర్చున్నప్పటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పది నిమిషాలు పరుగెత్తి, పది నిమిషాలు బురదలో కూర్చొని, ఆ తర్వాత ఎత్తుకోమని చేతులు చాచే వయసు ఇది. ఇన్ని స్థితులకూ ఒకే మందపాటి కోటు సరిపోదు కనుకనే పొరలు అవసరమవుతున్నాయి.

ఇక తడి విషయం. నిశ్చలంగా ఉన్న గాలితో పోలిస్తే నీరు వేడిని దాదాపు 25 రెట్లు ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. మనం వేసే ఏ బట్ట అయినా వెచ్చగా ఉంచేది తన నూలుపోగుల మధ్య బంధించిన గాలితోనే. ఆ గాలి ఉండవలసిన చోట చెమట నిండితే, ఒంటి వేడి ఆ తడి గుండా బయటికి పోతుంది. ఆ తడి ఆరేటప్పుడు ఒంటి నుంచే మరింత వేడిని లాక్కుంటుంది. పాప పరుగెత్తుతున్నంతసేపూ ఇది తెలియదు. ఆట ఆగి, మీరు ఎవరితోనో మాట్లాడుతూ నిలబడినప్పుడో, ఆమె స్ట్రోలర్‌లో (పిల్లలను కూర్చోబెట్టి తోసే బండిలో) కూర్చున్నప్పుడో చలి పట్టుకుంటుంది. మీరు చూసిన తడి బనియన్ ఇందుకు సాక్ష్యం.

నూలు మంచి బట్టే, ఇంట్లో వేయడానికి దానికి మించినది లేదు. కానీ చెమటను పీల్చుకొని తనలోనే ఉంచుకోవడం, ఒంటికి అతుక్కోవడం, మెల్లగా ఆరడం దాని స్వభావం. చలిలో బయట ఆడుకునే పిల్లలకు ఒంటిని ఆనుకొని ఉండే పొరగా సన్నని ఉన్ని గానీ, క్రీడల కోసం నేసిన సన్నని పాలిస్టర్ గానీ వేయడం మేలు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం వరకు తేమను పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు, తేమను పీల్చుకునేటప్పుడు కొంత వేడిని కూడా విడుదల చేస్తుంది. పాలిస్టర్ దారం తన బరువులో 1 శాతం తేమను కూడా పీల్చుకోదు. చెమట దాని పోగుల మీదుగా బయటి వైపుకు పాకి త్వరగా ఆరిపోతుంది. ఉన్ని అనగానే దురద గుర్తుకు వచ్చి చాలామంది వెనుకాడతారు. ఆ దురద పుట్టించేది సుమారు 30 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి లావుగా ఉన్న పోగులు. మెరీనో జాతి గొర్రెల ఉన్ని పోగులు సాధారణంగా 24 మైక్రాన్లలోపే ఉంటాయి కాబట్టి చాలామంది పిల్లలకు గుచ్చుకోవు. ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు, ఉన్న పిల్లలకు మాత్రం ముందు ఇంట్లో కాసేపు వేసి, మోచేతుల మడతల్లో, మెడ చుట్టూ ఎర్రబడుతోందేమో చూడాలి. అలా ఎర్రబడితే మెత్తని నూలే వేసి, ఆట మధ్యలో ఒకసారి మార్చుకోవడానికి పొడి బనియన్ వెంట ఉంచుకోవచ్చు. ఉన్నిగానీ, చలికి లోపల వేసే థర్మల్స్‌గానీ కొనే వీలు లేనివారికి కూడా ఇదే మార్గం. పొడి నూలు బనియన్ తడి ఉన్నికన్నా ఎప్పుడూ నయమే.

ఈ లోపలి పొర ఒంటికి దగ్గరగా ఉండాలి, అలాగని విప్పినప్పుడు చర్మం మీద గీతలు పడేంత బిగుతుగా ఉండకూడదు. పొడవు చాలా ముఖ్యం. పిల్లలు వంగినప్పుడు, ఎత్తుకున్నప్పుడు బనియన్ పైకి జరిగి నడుము బయటపడుతుంది. ఎన్ని స్వెటర్లు వేసినా చల్లగాలి ఆ సందులోంచే ఒళ్లంతా పాకుతుంది. డైపర్ వాడే పిల్లలకు కాళ్ల మధ్య గుండీలు ఉన్న బాడీసూట్ ఇందుకు బాగా పనికి వస్తుంది. డైపర్ మానిపించే ప్రయత్నంలో ఉన్నవారు మాత్రం బాడీసూట్‌నూ, తల నుంచి కాలి దాకా ఒకటే ముక్కగా ఉండే దుస్తులనూ కొంతకాలం పక్కన పెట్టి, పొడవైన బనియన్‌ను లెగ్గింగ్స్‌లోకి దోపి వేయడం మంచిది. నాలుగు జిప్పులు తీసేలోపు పిల్లలు ఆగలేరు, తడిసిన లెగ్గింగ్స్‌తో చలిలో ఉండటం చెమటకన్నా ఎక్కువ ప్రమాదం. డైపర్ వాడే పిల్లలకు కూడా బయలుదేరే ముందు పొడి డైపర్ వేయడం మరచిపోకూడదు.

మధ్య పొర పని వెచ్చదనాన్ని పట్టి ఉంచడం. ఇక్కడ ఒక మందపాటి స్వెటర్‌కన్నా రెండు పలుచనివి మేలు, ఎందుకంటే వాటి మధ్య కూడా గాలి నిలుస్తుంది, అవసరమైతే ఒకటి తీసేయవచ్చు. తల మీదుగా దిగే స్వెటర్ కన్నా ముందువైపు పూర్తిగా జిప్పు ఉన్న ఫ్లీస్ (నూగు ఉన్న మెత్తని పాలిస్టర్ బట్ట) జాకెట్టును నేను ఎన్నుకుంటాను. టోపీ, చేతితొడుగులు తీయకుండానే జిప్పు దించి వేడిని బయటికి వదలగలగడం, పరుగెత్తే పిల్లల విషయంలో ఎంత ఉపయోగమో ఒక పూట చూస్తే అర్థమవుతుంది. చేతులు లేని జాకెట్టు కూడా చాలా మంచిది. ఛాతీని, వీపును వెచ్చగా ఉంచుతూ చేతులను స్వేచ్ఛగా వదులుతుంది. ఫ్లీస్‌కు ఉన్న లోపమల్లా గాలిని ఆపలేకపోవడం. గాలి లేని రోజు అది ఒక్కటే పైబట్టగా సరిపోతుంది, గాలి వీచే రోజు దాని మీద ఇంకొకటి లేకపోతే వేసీ వేయనట్టే ఉంటుంది.

ఆ ఇంకొకటే పై పొర. ఇది గాలిని, నీటిని ఆపితే చాలు, లావుగా ఉండనక్కరలేదు. చాలా ఇళ్లలో దీన్నే అన్నిటికన్నా లావుగా కొంటారు, దానితో ఆడుకునే పిల్లలకు తీయడానికి వీలులేని పొర అదే అవుతుంది. పై పొర సరిపోయిందో లేదో చూడటానికి లోపలి బట్టలన్నీ వేసి, పాపను రెండు చేతులూ తల మీద పెట్టమనండి, తర్వాత గొంతుకూర్చోమనండి. చేతులు పక్కలకు దూరంగా నిలబడిపోయినా, మోకాళ్లు వంగకపోయినా బట్టలు ఎక్కువయ్యాయి, లేదా కోటు ఇరుకైంది. కోటు ఇరుకైతే లోపలి ఫ్లీస్ నొక్కుకుపోయి అందులోని గాలి బయటికి పోతుంది, కాబట్టి వెచ్చదనం కూడా తగ్గుతుంది. వచ్చే ఏడాదికి పనికి వస్తుందని రెండు కొలతలు పెద్దది కొంటే, నడిచినప్పుడల్లా అంచుల నుంచి చల్లగాలి లోపలికి వస్తూ పోతూ ఉంటుంది, చేతుల పొడవు ఎక్కువై పిల్లలు తట్టుకొని పడతారు. ఒక కొలత పెద్దది సరిపోతుంది. ఈకలు నింపిన కోటు పొడి చలిలో చాలా వెచ్చగా ఉంటుంది గానీ తడిస్తే ముద్దగా మారి పనికిరాదు. నేల మీద కూర్చొని ఆడే వయసుకు పాలిస్టర్ దూది నింపినదే నమ్మదగినది.

ఎన్ని పొరలు వేయాలన్న ప్రశ్నకు, అదే చలిలో పెద్దవారు వేసుకునేదానికన్నా ఒక పొర ఎక్కువ అన్న సూత్రాన్ని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఇది మంచి ప్రారంభం. అయితే పెద్దవారు నడుస్తూ పిల్లలు స్ట్రోలర్‌లో కూర్చున్నప్పుడు ఈ సూత్రం సరిగ్గా సరిపోతుంది. పిల్లలు పరుగెత్తుతూ పెద్దవారు బల్ల మీద కూర్చున్నప్పుడు మీరు వేసుకున్నన్నే వారికి చాలు, ఒక్కోసారి ఒకటి తక్కువైనా చాలు. స్ట్రోలర్‌లో కూర్చున్నవారికి అదనపు పొరగా కాళ్లను కప్పే సంచీలాంటి తొడుగు వేస్తే, దిగి ఆడేటప్పుడు అది దానంతటదే తొలగిపోతుంది. స్ట్రోలర్ నోటిని దుప్పటితో మూసివేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు, లోపల గాలి ఆడదు. ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో ఉన్నప్పుడు మీ శరీరపు వేడి ఒక పొరతో సమానం. అప్పుడు పాపకు పై కోటు తీసేసి, మీ కోటునే ఇద్దరికీ చుట్టూ వేసుకోవచ్చు, ముఖం మాత్రం తెరచి మీకు కనబడుతూ ఉండాలి. అలా మోసేటప్పుడు ప్యాంటు పైకి జరిగి, వేలాడుతున్న కాళ్ల పిక్కలు చలికి వదిలేసినట్టు ఉంటాయి. పొడవాటి మేజోళ్లు వేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

అంకెల్లో చెప్పమంటే నా అంచనా ఇలా ఉంటుంది. 15 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉంటే పొడుగు చేతుల చొక్కా, ఒక పలుచని స్వెటర్ చాలు. 10 నుంచి 15 మధ్య పలుచని లోపలి పొర, ఫ్లీస్ జాకెట్టు వేసి, గాలి ఉంటే పైన గాలిని ఆపే పలుచని జాకెట్టు వేయాలి. 0 నుంచి 10 మధ్య మూడు పొరలూ, టోపీ, చేతితొడుగులూ అవసరం. సున్నాకు దిగువన మధ్య పొరలు రెండవుతాయి, కాళ్లకు కూడా లోపల లెగ్గింగ్స్, పైన నీటిని ఆపే ప్యాంటు కావాలి. మైనస్ 10 దాటాక బట్టల సంఖ్యకన్నా బయట ఉండే సమయమే ముఖ్యం. ఇరవై, ముప్పై నిమిషాలకు ఒకసారి లోపలికి తీసుకువచ్చి వెచ్చబరచాలి. ఈ అంకెలన్నీ గాలి లేని రోజుకు వర్తిస్తాయి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే మైనస్ 10 డిగ్రీల చలి తెరిచి ఉన్న చర్మానికి మైనస్ 20 లాగా, 0 డిగ్రీల చలి దాదాపు మైనస్ 6 లాగా తగులుతుంది. గాలితో కలిపి లెక్కవేసిన చలి మైనస్ 28కి దిగితే తెరిచి ఉన్న చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ స్థాయికి చేరకముందే పసిపిల్లలను ఇంట్లో ఉంచడం సబబు. నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైన రోజు మాత్రం సున్నాకు అటూ ఇటూ ఉండే తడి రోజే. పొడి మంచు దులిపితే రాలిపోతుంది, కరుగుతున్న మంచూ సన్నని వానా మోకాళ్ల నుంచీ చేతితొడుగుల నుంచీ లోపలికి ఇంకిపోతాయి.

మళ్లీ మీ పాప చేతుల దగ్గరికి వస్తాను. ఐదు వేళ్లకూ వేరువేరు గూళ్లు ఉన్న గ్లవ్స్‌లో ఒక్కొక్క వేలు ఒంటరిగా చల్లబడుతుంది. నాలుగు వేళ్లూ ఒకే గూటిలో ఉండే తొడుగులో అవి ఒకదానినొకటి వెచ్చగా ఉంచుకుంటాయి, తొడగడం కూడా తేలిక. ఊలుతో అల్లిన తొడుగులు చూడటానికి ముద్దుగా ఉంటాయి గానీ మంచునూ, నోట్లో పెట్టుకున్నప్పుడు ఉమ్మినీ పీల్చుకొని నిమిషాల్లో తడిసిపోతాయి. కాబట్టి లోపల పలుచని ఊలు తొడుగు, పైన మణికట్టు దాటి మోచేతి వైపుకు పొడవుగా వచ్చే, నీటిని ఆపే తొడుగు వేయండి. వీటిని కోటు వేయకముందే తొడిగి, కోటు చేతిని దాని మీదకు లాగితే మణికట్టు దగ్గర చర్మం బయటపడదు, పిల్లలు సులభంగా లాగేయలేరు. తొడిగాక పైనుంచి నొక్కి బొటనవేలు దాని గూటిలోనే పడిందా అని చూడాలి. పడకపోతే పిడికిలి విప్పలేక, ఏమీ పట్టుకోలేక, ఎందుకో చెప్పలేక పిల్లలు తొడుగు విసిరేస్తారు, మనం మొండితనం అనుకుంటాం. జేబులో ఒక పొడి జత ఎప్పుడూ ఉండాలి. చేతులు చల్లబడటానికి ఎక్కువసార్లు కారణం తడిసిన తొడుగులే.

పాదాలకు రెండు జతల మేజోళ్లు వేసి బూట్లలోకి ఇరికించడం చాలా మంది చేసే పని. బూటు బిగుతైతే రక్తప్రసరణ తగ్గి, వేళ్ల చుట్టూ గాలికి చోటు లేక పాదాలు మరింత చల్లబడతాయి. ఒకే జత మంచి ఉన్ని మేజోళ్లు వేసి, బొటనవేలి ముందు మీ వేలు పట్టేంత ఖాళీ ఉండే బూటు వేయండి. ఆట తర్వాత బూటు లోపల చేయి పెట్టి చూసి, చెమ్మగా ఉంటే మరుసటి పూటకు ఆరిందని నిర్ధారించుకున్నాకే మళ్లీ తొడగాలి. తలకు చెవులను పూర్తిగా కప్పే టోపీ కావాలి. గాలి రోజున తల, చెవులు, మెడ ఒకేసారి కప్పే మంకీ క్యాప్ అన్నిటికన్నా మంచిది.

మెడకు మఫ్లర్ చుట్టవద్దు. జారుడుబల్ల అంచుకో, ఊయల గొలుసుకో, గేటు కమ్మీకో మఫ్లర్ కొస చిక్కుకుంటే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. కోటు టోపీకి ఉండే తాళ్లూ అంతే ప్రమాదకరం. పిల్లల కోట్ల తల, మెడ భాగాల్లో తాళ్లు ఉండకూడదని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 1996లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, యూరప్ ప్రమాణం కూడా ఏడేళ్లలోపు పిల్లల దుస్తుల్లో ఆ భాగాల్లో తాళ్లను నిషేధిస్తుంది. ఎవరో వాడి ఇచ్చిన పాత కోట్లలో అవి ఉంటే లాగి తీసేయండి. రెండు చేతితొడుగులను కలిపే తాడు మెడ వెనుక నుంచి వెళ్లేలా కట్టే అలవాటును కూడా మానాలి; చేతి అంచుకు పట్టి ఉంచే చిన్న క్లిప్పులు దొరుకుతాయి.

కారులో ప్రయాణం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. లావు కోటు వేసిన పిల్లలను కారు సీటులో కూర్చోబెట్టి బెల్టులు బిగిస్తే అవి కోటు మీద బిగుస్తాయి, ఒంటి మీద కాదు. ప్రమాదం జరిగిన క్షణంలో కోటులోని దూది అణిగిపోయి, బెల్టుకూ ఒంటికీ మధ్య ఖాళీ ఏర్పడి, పిల్లలు బెల్టులోంచి జారిపోవచ్చు. ఇంట్లోనే ఇలా పరీక్షించండి: కోటుతో కూర్చోబెట్టి బెల్టు బిగించండి, బెల్టు వదులు చేయకుండానే పాపను దింపి కోటు విప్పండి, మళ్లీ కూర్చోబెట్టి అదే కొలతలో బెల్టు పెట్టండి. భుజం దగ్గర బెల్టు పట్టీని రెండు వేళ్ల మధ్య మడతగా పట్టుకోగలిగితే ఆ కోటు కారుకు పనికిరాదు. పలుచని ఫ్లీస్‌తో కూర్చోబెట్టి బెల్టు బిగించిన తర్వాత, కోటును ముందువైపు నుంచి తిరగేసి చేతులకు తొడగవచ్చు, లేదా నడుము నుంచి కింది భాగానికి దుప్పటి కప్పవచ్చు. కారు వెచ్చబడగానే వాటిని తీసేయాలి.

బట్టలు వేసే క్రమం కూడా చెబుతాను, ఎందుకంటే గుమ్మం దగ్గర జరిగే ఆలస్యంలోనే చాలా చెమట పుడుతుంది. ముందు మీరు పూర్తిగా సిద్ధమై, తాళాలు, సంచీ చేతికి అందేలా పెట్టుకోండి. పాపను నేల మీద కూర్చోబెట్టి ముందు పై ప్యాంటు, తర్వాత బూట్లు, ప్యాంటు అంచు బూటు మీదకు వచ్చేలా లాగండి. ఆ తర్వాత చేతితొడుగులు, వాటి మీద కోటు, చివరగా టోపీ. టోపీ పెట్టగానే తలుపు తెరవాలి. టోపీ పెట్టాక ఇంకేదో మరచిపోయి వెతుకుతూ ఉంటే, వెచ్చని గదిలో నిండా బట్టలతో నిలబడిన పాప బయటికి వెళ్లకముందే తడుస్తుంది. బట్టలకు ఒప్పుకోని పిల్లలకు రెండు టోపీలు చూపించి ఏది కావాలో ఎంచుకోమంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. పదేపదే ఒకే బట్టను వద్దంటుంటే మాత్రం లోపలి కుట్లనూ, మెడ వెనుక లేబుల్‌నూ తడిమి చూడండి.

ఇంటికి తిరిగి వచ్చాక కోటుతో పాటు మధ్య పొర కూడా వెంటనే తీసి, వీపు తడిమి, తడిగా ఉంటే లోపలిది మార్చండి. దుకాణాల్లో, బస్సుల్లో కూడా కనీసం జిప్పు దించి, టోపీ తీయాలి. రాత్రి నిద్రకు పగటి పొరల లెక్క వర్తించదు. పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే ఒంటికి సరిపోయే రాత్రి దుస్తులు, దాని మీద చేతులు బయటికి ఉండే స్లీపింగ్ బ్యాగ్ చాలు. పిల్లలు దుప్పటిని ఎలాగూ తన్నేస్తారు. ఏడాదిలోపు పిల్లల పక్కలో వదులు దుప్పట్లు, దిండ్లు ఉంచరాదు. ఏ వయసు పసిపిల్లలనైనా ఇంట్లో టోపీతో నిద్రపుచ్చకూడదు, ఒంట్లో పెరిగిన వేడి బయటికి పోయే ముఖ్యమైన దారి తలే.

చలి గాలికి బుగ్గలు పగిలే పిల్లలకు బయలుదేరే ముందు పలుచగా పెట్రోలియం జెల్లీ రాయవచ్చు. అది పగుళ్ల నుంచీ ఉమ్మి తడి నుంచీ కాపాడుతుంది, చర్మం గడ్డకట్టకుండా మాత్రం ఆపదు.

చివరగా, ఏ గుర్తులు కనబడితే ఆట ఆపాలో తెలిసి ఉండాలి. ఆగకుండా వణకడం, ఉన్నట్టుండి మౌనంగా మారిపోవడం, తడబడుతూ నడవడం, మగతగా ఉండటం, మాట ముద్దగా రావడం శరీరపు లోపలి వేడి ప్రమాదకరంగా తగ్గుతోందని చెప్పే గుర్తులు. అది 35 డిగ్రీలకన్నా తగ్గితే అత్యవసర చికిత్స అవసరం. అప్పుడు తడి బట్టలన్నీ తీసేసి, పొడి దుప్పటిలో చుట్టి, మీ ఒంటికి హత్తుకొని ఉంచుతూనే వైద్యసహాయానికి ఫోన్ చేయాలి. చెవులు, ముక్కు, బుగ్గలు, వేళ్ల చివరలు పాలిపోయి మైనంలా బిగుసుకున్నట్టు ఉంటే, చురుక్కుమన్నా పిల్లలకు తెలియకపోతే అక్కడ చర్మం గడ్డకడుతోందని అర్థం. నల్లని ఛాయ పిల్లల్లో రంగు మార్పు స్పష్టంగా కనబడకపోవచ్చు, చేతికి గట్టిగా, చల్లగా తగలడాన్ని గమనించాలి. ఆ భాగాన్ని రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు, హీటరుకు దగ్గరగా పెట్టకూడదు. స్పర్శ తెలియని చర్మం కాలినా పిల్లలకు తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచాలి, నీటి వేడిని మీ మోచేతితో చూసుకోవాలి. కాసేపటికి రంగూ స్పర్శా తిరిగి రాకపోయినా, బొబ్బలు లేచినా ఇంట్లో వేచి చూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.